డి డ్రైవ్ నెమ్మదించింది, అప్పుడప్పుడు టిక్‌మంటోంది: హార్డ్ డిస్క్ పోతోందా, ఫార్మాట్ కొడితే సరిపోతుందా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. చిత్తూరులో ఫొటో స్టూడియో. డెస్క్‌టాప్‌లో 2 టీబీ హార్డ్ డిస్క్, కొని నాలుగేళ్లయింది. డి డ్రైవ్‌లో పెళ్లి ఫోల్డర్లు తెరుచుకోవడానికి నిమిషాలు పడుతోంది. కొన్ని ఫొటోల దగ్గరికి రాగానే సిస్టమ్ మొత్తం హ్యాంగ్ అవుతోంది. అప్పుడప్పుడు లోపల్నుంచి 'టిక్' అని శబ్దం. "ఇక్కడి సర్వీస్ అతను విండోస్ ఫార్మాట్ కొడితే సరిపోతుందన్నాడు. కొట్టించమంటారా అన్నా, లేక డిస్కే పోతోందా?"

ఫార్మాట్ కొట్టించకండి. మీరు రాసినదాన్ని బట్టి డిస్కే పోతోందని నా అంచనా. ఎడిటింగ్ పని ఇవాళే ఆపేయండి. ఇంకా డెలివరీ ఇవ్వని పెళ్లిళ్ల ఫోల్డర్లు ముందు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. చెకింగులూ స్కానింగులూ ఆ తర్వాతే. ముందు కాపీ, తర్వాత పరీక్ష. ఈ వరుస తిరగబడడం వల్లే, తేలిగ్గా బయటపడాల్సిన కేసులు కూడా రికవరీ ల్యాబ్ దాకా వెళ్తుంటాయి.

నేను తిరుపతిలో కంప్యూటర్ సర్వీస్ మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. స్టూడియోలు, డీటీపీ సెంటర్లు, ట్రావెల్స్ ఆఫీసులు, యూనివర్సిటీ హాస్టల్ పిల్లల ల్యాప్‌టాప్‌లు, నా టేబుల్ మీదకి ఎక్కువగా వచ్చేవి ఇవే. డిస్క్ చేతికిచ్చి "నిన్నటిదాకా బాగానే ఉండింది సార్" అనని మనిషిని నేను చూడలేదు. ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే అసలు సంగతి బయటికొస్తుంది. నెల రోజులుగా నెమ్మదిగానే ఉంది. పొద్దున ఆన్ చేసినప్పుడల్లా నల్ల స్క్రీన్ మీద 'స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్' అని శాతాలు నడుస్తున్నాయి, ఆ టైములో వాళ్లు బయటికెళ్లి కాఫీ తాగి వస్తున్నారు. డిస్క్ చెప్పాల్సింది చెబుతూనే ఉంది, వీళ్లు దాన్ని విండోస్ గోల అనుకున్నారు.

అందరూ అడిగేది శబ్దం గురించి. కానీ శబ్దం సాధారణంగా చివర్లో వస్తుంది.

డిస్క్ లోపల గుండ్రటి పళ్లేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంటాయి. వాటిపైన హెడ్ అనే చిన్న ముక్క తాకీ తాకనట్టు, కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ చదువుతుంది. తను ఎక్కడుందో తెలుసుకోవడానికి పళ్లెం మీద ముందే రాసి ఉన్న గుర్తులను చదువుకుంటూ పోతుంది. ఆ గుర్తులు దొరక్కపోతే వెనక్కి వచ్చి మళ్లీ మొదటినుంచి వెతుకుతుంది. హెడ్‌ని మోసే చేయి అలా వెనక్కి వచ్చి ఆగే చప్పుడే మనకు వినిపించే టిక్. ఎప్పుడో ఒకసారి వస్తే అది హెడ్ పక్కకెళ్లి పార్క్ అయ్యే మామూలు శబ్దం కూడా కావచ్చు, ముఖ్యంగా ల్యాప్‌టాప్ డిస్కుల్లో. కరెంటు తీసినప్పుడు ఒక 'టక్' రావడం కూడా మామూలే. టిక్... టిక్... టిక్ అని ఒకే లయలో వస్తూ, ఆ సమయంలోనే ఫోల్డర్ తెరుచుకోక నిలిచిపోతే మాత్రం అది వేరే లెక్క. హెడ్డో, పళ్లెమో, రెండూనో దెబ్బతింటున్నాయి. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, స్విచ్ ఆపేయడం. కీచుమని సన్నగా గీసినట్టు వినబడినా అంతే, ఇంకో నిమిషం కూడా తిప్పకూడదు. తిరిగేకొద్దీ పళ్లెం మీద గీతలు పడుతుంటాయి, గీత పడ్డచోటి డేటాను ఏ ల్యాబూ తేలేదు.

మీ కేసులో టిక్ అప్పుడప్పుడే వస్తోందన్నారు కాబట్టి ఇంకా కొంత టైమ్ ఉందనే అనుకుంటున్నాను. నాకు అంతకన్నా అనుమానం కలిగించింది మీరు రాసిన ఇంకో ముక్క: కొన్ని ఫొటోల దగ్గరే ఆగిపోతోందని.

విండోస్ వల్ల నెమ్మదిస్తే ఎక్కడపడితే అక్కడ నెమ్మదిస్తుంది. ఇవాళ క్రోమ్ దగ్గర, రేపు ఫొటోషాప్ దగ్గర. డిస్క్ వల్ల నెమ్మదిస్తే చోటు మారదు. అదే పెళ్లి, అదే ఫోల్డర్, 214వ ఫొటో దగ్గర నిన్న ఆగితే ఇవాళా 214 దగ్గరే ఆగుతుంది. ఎందుకంటే ఆ ఫైలు ఉన్న సెక్టార్లు, అంటే పళ్లెం మీద డేటా రాసే చిన్న చిన్న గళ్లు, చదవడానికి రావడం లేదు. డిస్క్ ఊరుకోకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, విండోస్ అది అయ్యేదాకా కాచుకుని కూచుంటుంది. ఆ కాచుకోవడమే మీకు కనిపించే హ్యాంగ్. ఒకసారి టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ గ్రాఫ్ చూడండి. యాక్టివ్ టైమ్ 100 శాతం, కానీ చదివే వేగం సున్నా, లేదా కొద్ది కేబీలు, పక్కన యావరేజ్ రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లలో. ఈ మూడూ కలిసి కనిపిస్తే డిస్క్ కష్టపడుతోందన్నమాట.

ఒట్టి 100 శాతం చూసి మాత్రం కంగారుపడొద్దు. హార్డ్ డిస్క్ మీద విండోస్ 10 గానీ 11 గానీ వేస్తే ఆన్ చేసిన మొదటి పది పదిహేను నిమిషాలు అప్‌డేట్లు, యాంటీవైరస్, ఇండెక్సింగ్ అన్నీ ఒకేసారి మీదపడి 100 చూపించడం మామూలే. ఆ తర్వాత దిగిపోవాలి.

స్టూడియోవాళ్లు అనవసరంగా భయపడే విషయం ఇంకొకటి ఉంది, అదీ చెప్పాలి. కెమెరా కార్డుల్నుంచి 200 జీబీ వీడియో డిస్క్‌లోకి వేస్తుంటే మొదట 150 ఎంబీల్లో పోయి, కాసేపటికి 20, 30 ఎంబీలకు పడిపోతుంది. డిస్క్ పోయిందనుకుంటారు. ఇప్పుడొచ్చే 2 టీబీ డిస్కుల్లో చాలావాటిలో ట్రాకులు (పళ్లెం మీద డేటా రాసే వలయాలు) ఒకదాని మీద ఒకటి కొంచెం కప్పేలా రాస్తారు, దాన్ని ఎస్‌ఎంఆర్ అంటారు. ఒక ట్రాక్ రాయాలంటే పక్కవాటినీ తిరగరాయాలి, అందుకే పెద్ద డేటా *రాసేటప్పుడు* నెమ్మదిస్తాయి. అది వాటి గుణం, జబ్బు కాదు. రాయడం నెమ్మదిస్తే కాస్త ఆగి చూడండి. చదవడం నెమ్మదిస్తే ఆగకండి.

శబ్దం రాకముందే కనబడే మిగతావి చకచకా చెప్పేస్తాను. కాపీ చేస్తుంటే 'సైక్లిక్ రిడండెన్సీ చెక్' అనో 'ఐ/ఓ డివైస్ ఎర్రర్' అనో రావడం. ఫోల్డర్ పేర్లు పిచ్చి అక్షరాలుగా మారడం. ఫొటో తెరిస్తే కింది సగం బూడిద రంగులో రావడం (ఇది మెమరీ కార్డు తప్పు వల్ల కూడా వస్తుంది, కార్డులో అదే ఫొటో బాగుందేమో చూడండి). నిన్నటిదాకా కనిపించిన డి డ్రైవ్ ఇవాళ 'రా' (RAW) అని చూపించి, వాడాలంటే ఫార్మాట్ చేయమని అడగడం. ఆ బాక్స్ వచ్చినప్పుడు క్యాన్సిల్ తప్ప వేరేది నొక్కకూడదు. సిస్టమ్ ఆన్ చేస్తే బయోస్‌లో (విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్‌లో) డిస్క్ ఒకరోజు కనిపించి ఒకరోజు కనిపించకపోవడం. విండోస్ తన ఎర్రర్లు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ అనే చోట 'డిస్క్' పేరుతో 7 నంబరు ఎర్రర్లు వరసగా ఉంటే బ్యాడ్ బ్లాక్ అని అర్థం. 153 అంటే అడిగింది రాక మళ్లీ అడగాల్సి వచ్చిందని. ఇది కేబుల్ వల్లా రావచ్చు.

ఇప్పుడు స్మార్ట్ సంగతి. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం లెక్క తనే రాసుకుంటుంది, దాన్నే స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ లెక్కను చూపిస్తుంది. ఇది డిస్క్ మొత్తాన్ని చదవదు, ఉన్న లెక్కను మాత్రం అడిగి చూపిస్తుంది కాబట్టి పోతున్న డిస్క్ మీద కూడా నడపొచ్చు. పరీక్షల్లో నేను కాపీకి ముందు ఒప్పుకునేది ఇదొక్కటే. పైన నీలం రంగులో 'గుడ్' అని ఉంటే చాలామంది మూసేస్తారు. అక్కడ ఆగకండి, కింద లైన్లు చూడండి.

05, రీఅలొకేటెడ్ సెక్టార్లు. పాడైన సెక్టార్ల బదులు డిస్క్ తన దగ్గరున్న స్పేర్‌వి ఎన్ని వాడిందో ఆ లెక్క.
సి5, కరెంట్ పెండింగ్ సెక్టార్లు. చదవలేకపోయినవి, ఇంకా తీర్పు పెండింగ్‌లో ఉన్నవి. నేను మొదట చూసేది దీన్నే. మీ డేటా ఇరుక్కుని ఉన్నది ఇందులోనే.
సి6, అన్‌కరెక్టబుల్. డిస్క్ తనంతట తాను పరీక్షించుకున్నప్పుడు చదవలేకపోయినవి.
బిబి, బిసి: చదవలేక చేతులెత్తేసినవి, టైమ్‌లో జవాబు ఇవ్వలేకపోయినవి. అన్ని కంపెనీల డిస్కుల్లోనూ ఇవి కనబడవు.

అంకె చూడాల్సింది చివరి కాలమ్‌లో, 'రా వాల్యూస్' (Raw Values) దగ్గర. అక్కడ మొదట హెక్సాడెసిమల్‌లో ఉంటుంది, 18 అని ఉంటే అది నిజానికి 24. మెనూలో ఫంక్షన్, అడ్వాన్స్‌డ్ ఫీచర్ కింద రా వాల్యూస్‌ని 10 డెసిమల్‌కి మార్చుకుంటే మామూలు అంకెల్లో కనిపిస్తాయి. ఇంకో జాగ్రత్త: సీగేట్ డిస్కుల్లో 01, 07 లైన్లలో కోట్లలో అంకెలు కనిపిస్తాయి. వాటిని చూసి గుండె జారిపోనక్కర్లేదు, ఆ కంపెనీ ఆ లెక్కను రాసే పద్ధతే అంత.

ఎంత ఉంటే ప్రమాదం అని అడుగుతారు. ఎంత ఉందన్నదానికంటే పెరుగుతోందా లేదా అన్నదే నాకు ముఖ్యం. 05 దగ్గర 8 అని ఉండి ఏడాదిగా 8గానే ఉన్న డిస్కులు నా షాపులోనే తిరుగుతున్నాయి, పాటలూ ఇన్‌స్టాలేషన్ ఫైళ్లూ వేసుకోవడానికి. సోమవారం 8, గురువారం 40, ఆదివారం 200 అయితే దాని పని అయిపోయింది. సి5లో ఒకటీ రెండూ రావడానికి కరెంటు కూడా కారణం కావచ్చు. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి, రాస్తుండగా కరెంటు పోతే ఆ సెక్టార్ సగం రాసి వదిలేసినట్టుంటుంది. అలాంటిది తర్వాత తిరగరాసినప్పుడు సున్నాకి వస్తుంది, 05 పెరగదు. అయినా మొదటిసారి సి5లో అంకె చూసిన రోజే కాపీ తీసుకోండి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు.

ఇది నా చాదస్తం కాదు. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, తనను తాను పరీక్షించుకునేటప్పుడు మొదటి స్కాన్ ఎర్రర్ కనబడిన డిస్క్ ఆ తర్వాత 60 రోజుల్లో పోయే అవకాశం, ఎర్రర్ లేని డిస్కులతో పోలిస్తే 39 రెట్లని తేలింది. అదే అధ్యయనంలో ఇంకో మాట ఉంది, అది చేదుగా ఉంటుంది. పోయిన డిస్కుల్లో 56 శాతానికి ముఖ్యమైన నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఒక్కదానిలోనూ ఏమీ కనబడలేదు. బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ స్టోరేజ్ సంస్థ నేను పైన చెప్పిన అయిదు లైన్లనే చూసుకుంటుంది. 2016లో వాళ్లు చెప్పిన లెక్క ప్రకారం, పోయిన డిస్కుల్లో 76.7 శాతానికి ఆ అయిదింట్లో ఏదో ఒకటి సున్నా దాటి ఉంది. మిగతా 23.3 శాతం ఏ సూచనా లేకుండానే పోయాయి. కాబట్టి లైన్లు చెడ్డగా ఉంటే నమ్మండి. బాగున్నాయి కదా అని నిశ్చింతగా మాత్రం ఉండొద్దు.

డిస్క్ తప్పు కాకపోవచ్చు కూడా. దీన్ని వదిలేస్తే నా సమాధానం సగమే అవుతుంది.

ఇక్కడ ఒక ట్రావెల్స్ ఆఫీసులో సిస్టమ్ రోజుకి నాలుగైదు సార్లు బిగుసుకుపోయేది. డిస్క్ మార్చాలని ఎవరో చెప్పి, కొత్త డిస్క్ కూడా తెప్పించి పెట్టుకున్నారు. స్మార్ట్ చూస్తే 05, సి5 రెండూ సున్నా, సి7 మాత్రం వేలల్లో ఉంది. సి7 అంటే డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో డేటా చెదిరిన లెక్క. ఆ రెంటినీ కలిపే సాటా కేబుల్ క్లిప్పు విరిగి, వదులుగా వేలాడుతోంది. కేబుల్ మార్చాక ఆ అంకె తగ్గలేదు, సి7 ఎప్పటికీ తగ్గదు. పెరగడం మాత్రం ఆగింది. అదే డిస్క్ ఇంకా నడుస్తోంది.

ఇంకో కేసు డీటీపీ సెంటర్‌ది, అక్కడ టిక్ శబ్దం బాగానే వచ్చేది. ఆన్ చేయగానే డిస్క్ గుర్రుమని తిరగడం మొదలెట్టి, సగంలో టక్‌మని ఆగి, మళ్లీ మొదలెట్టేది. లోపల్నుంచి ఎవరో తలుపు తీయబోయి మానుకుంటున్నట్టు ఉండేది ఆ చప్పుడు. సీపీయూకి కరెంటు ఇచ్చే డబ్బా, ఎస్‌ఎంపీఎస్, విప్పి చూస్తే కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. పెద్ద డిస్క్ మోటారు తిరగడానికి 12 వోల్టులు నిలకడగా కావాలి, అది అందడం లేదు. ఎస్‌ఎంపీఎస్ మార్చగానే డిస్క్ నోరు మూసుకుంది. బయట తగిలించే చిన్న డిస్కులకూ ఇదే బాధ. అవి యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులతోనే బతకాలి. సీపీయూ ముందువైపు పోర్టుకి పొడుగాటి సన్న కేబుల్ తగిలిస్తే కరెంటు చాలక టిక్‌టిక్‌మంటాయి. కంపెనీ ఇచ్చిన పొట్టి కేబుల్‌తో వెనకవైపు పోర్టుకి పెట్టి చూడండి.

వేడి సంగతి. మన దగ్గర మే నెలలో బయటే 42, 43 డిగ్రీలు ఉంటుంది. ఏసీ లేని గదిలో, గోడకి ఆనించిన సీపీయూలో, దుమ్ముతో ఫ్యాన్ మూసుకుపోతే డిస్క్ 55 దాటడం నేను చాలాసార్లు చూశాను. మామూలు డెస్క్‌టాప్ డిస్కులకు కంపెనీలు చెప్పే హద్దు సుమారు 60. నేనైతే 45 దాటితే సీపీయూ విప్పి దుమ్ము దులపమంటాను.

ఇక అసలు పని, కాపీ ఎలా తీయాలి. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

ముందు ఏ డిస్క్‌లోకి కాపీ చేస్తున్నారో చూసుకోండి. "డి లోంచి 'ఈ' (E) డ్రైవ్‌లోకి వేసేశాను సార్, భయం లేదు" అంటారు. డి, 'ఈ' రెండూ అదే డిస్క్‌లో పార్టిషన్లు, అంటే ఒకే డిస్క్‌లో చేసిన భాగాలు! డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి. వేరే డిస్క్ కావాలి, ఖాళీది. సీ కూడా ఇదే డిస్క్‌లో ఉంటే ఆ విండోస్‌ని ఇక నడపకండి. అది ప్రతి క్షణం డిస్క్‌లో ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. డిస్క్ విప్పి వేరే సిస్టమ్‌కి రెండో డిస్క్‌గా తగిలించండి. అక్కడ ఆన్ అయ్యేటప్పుడు స్కానింగ్ మొదలవబోతే ఏదో ఒక కీ నొక్కి దాటెయ్యండి.

ఫోల్డర్ తెరిచేముందు వ్యూ మార్చి 'డీటెయిల్స్'లో పెట్టుకోండి. పెద్ద బొమ్మలుగా పెడితే విండోస్ ఆ రెండు వేల ఫొటోలనూ ఒక్కొక్కటీ చదివి థంబ్‌నెయిల్స్ తయారుచేయడానికి కూచుంటుంది. మీకు నిమిషాలు పడుతున్నదానిలో సగం అదే అయ్యుంటుంది. లైట్‌రూమ్ కూడా తెరవకండి.

మొత్తం డి డ్రైవ్ సెలెక్ట్ చేసి ఒకేసారి లాగొద్దు. డెలివరీ కాని పెళ్లిళ్ల ఒరిజినల్ ఫొటోలూ వీడియోలూ ముందు. తర్వాత ఆల్బమ్ డిజైన్ ఫైళ్లు. పార్టీకి ఇచ్చేసినవి ఆఖర్న, అవి వాళ్ల దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి. మొన్నటి గంగజాతరలో తీసిన వీడియోలు యూట్యూబ్‌లో ఎలాగూ ఉన్నాయనుకుంటే వాటికి ఈ వరుసలో చోటే అక్కర్లేదు. కట్ చేసి పేస్ట్ చేయొద్దు, కాపీయే చేయండి. ఒక ఫైలు దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి తర్వాతదానికి వెళ్లండి. ఒక్క ఫొటో కోసం పట్టుబట్టి మిగతా పెళ్లంతా పోగొట్టుకోవద్దు.

కమాండ్ వాడటం తెలిసినవాళ్లు పక్కన ఉంటే విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్ వాడమనండి, కానీ ఒక మాట గట్టిగా చెప్పండి. రోబోకాపీ చదవలేని ఫైలు తగిలితే దానంతట అది పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ప్రతిసారీ మధ్యలో 30 సెకన్లు ఆగుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే పాడైన చోటనే డిస్క్‌ని రుద్ది రుద్ది చంపుతుంది. స్లాష్ ఆర్ కోలన్ 0, స్లాష్ డబ్ల్యూ కోలన్ 0 అని పెడితే ఒక్కసారి చూసి ముందుకెళ్తుంది. ఇంకా జబ్బు ముదిరిన డిస్క్‌కి నేను లినక్స్‌లో డీడీరెస్క్యూ వాడతాను. అది బాగున్న భాగాలన్నీ ముందు లాగేసి, పాడైన చోట్లకి ఆఖర్న తిరిగొస్తుంది. ఎక్కడిదాకా అయిందో ఒక ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి చల్లారనిచ్చి మళ్లీ నడపొచ్చు. మొదటిసారే మీ పెళ్లి ఫొటోల మీద నేర్చుకోవద్దు గానీ, ఇది తెలిసినవాడు దొరికితే వదలొద్దు. అందులో ఏది ఎక్కణ్నుంచి ఎక్కడికో తారుమారు చేసి కొడితే ఖాళీ డిస్క్ మీ ఫొటోల డిస్క్ మీద పరుచుకుంటుంది.

కాపీ నడుస్తుండగా చెవి అక్కడే పెట్టుకుని ఉండండి. టిక్‌లు దగ్గర దగ్గరగా రావడం మొదలైతే ఆపేయండి. అప్పుడది మీ పనీ కాదు, నా పనీ కాదు. చెన్నైలోనో బెంగళూరులోనో దుమ్ము లేని గదిలో డిస్క్ విప్పే ల్యాబ్‌కి వెళ్లాలి. ఖర్చు వేలల్లో మొదలవుతుంది. వెళ్లేముందు ఎంతమంది తక్కువ ముట్టుకుంటే అంత మంచిది. పెళ్లి మండపంలో టేబుల్ మీంచి కిందపడ్డ డిస్క్‌ని ఒక వీడియోగ్రాఫర్ మూడు ల్యాప్‌టాప్‌లకి మార్చి మార్చి తగిలించి చూసి, ఆ తర్వాత నా దగ్గరికి తెచ్చాడు. నేను కనీసం కరెంటు కూడా ఇవ్వలేదు, చెన్నై పంపించాను. విప్పి చూస్తే పళ్లెం మీద వలయంలా గీత. రిసెప్షన్ వచ్చింది, ముహూర్తం రాలేదు.

చేయకూడనివి కొన్ని, ఎందుకో చెబుతాను.

డిస్క్ తప్పులు వెతికే విండోస్ కమాండ్ చెక్‌డిస్క్‌ని స్లాష్ ఆర్‌తో కొట్టడం. అది పళ్లెం మొత్తాన్ని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చదివిస్తుంది, గంటల తరబడి. కాపీ తీయని డిస్క్ మీద ఇది చేయడమంటే జ్వరంతో ఉన్నవాణ్ణి అలిపిరి మెట్లెక్కించి ఊపిరి ఆడుతోందా అని చూడటమే. పైగా అది ఫైళ్లను సరిచేస్తున్నాననుకుని ముక్కలు తీసి పారేస్తుంది కూడా.

ఫార్మాట్. క్విక్ ఫార్మాట్ పళ్లెం జోలికి పోదు, సూచిక మాత్రం తుడిచేస్తుంది. అందుకే కొట్టిన వారం రోజులు బాగున్నట్టుంటుంది, పాడైన చోటికి మళ్లీ డేటా చేరగానే అదే హ్యాంగ్. మీ సర్వీస్ అతను మోసం చేస్తున్నాడని నేను అనను. పది కేసుల్లో ఆరింటికి విండోసే కారణం, అలవాటుగా చెప్పుంటాడు. ఫుల్ ఫార్మాట్ అయితే విండోస్ విస్టా దగ్గర్నుంచి డిస్క్ మొత్తం సున్నాలు రాసేస్తుంది, ఇక రికవరీ మాటే లేదు.

ఫ్రిజ్‌లో పెట్టడం. ఎవరో వీడియోలో చెప్పారని ఇప్పటికీ అడుగుతుంటారు. బయటికి తీయగానే మన ఉక్కకి లోపల తేమ పడుతుంది, అంతే సంగతులు. మూత విప్పి చూడటం కూడా అంతే, హెడ్ కింద ఉన్న ఖాళీకి కంటికి కనిపించని దుమ్ము కణం కూడా బండరాయే. అదే మోడల్ డిస్క్ కొని సర్క్యూట్ బోర్డు మార్చితే వస్తుందని కూడా అంటారు. పాతవాటిల్లో ఒకప్పుడు అయ్యేది. ఇప్పుడు ఆ బోర్డు మీది చిప్పులో ఆ డిస్క్ ఒక్కదానికే సరిపోయే లెక్కలు రాసి ఉంటాయి, వాటినీ మార్చకపోతే లేవదు.

కాపీ పూర్తయ్యి, వేరే సిస్టమ్‌లో నాలుగు ఫొటోలు తెరిచి చూసుకున్నాక అప్పుడు మీ ఇష్టం. స్లాష్ ఆర్ కొట్టండి, కేబుల్ మార్చి చూడండి, ఫుల్ ఫార్మాట్ కొట్టి సి5 ఏమవుతుందో చూడండి. సి5 సున్నా అయిపోయి 05 పెరిగితే, పాడైనవి స్పేర్లతో మార్చుకుందని అర్థం. ఆ డిస్క్‌లో మళ్లీ పెళ్లిళ్లు మాత్రం వేయకండి. అన్నట్టు సెకండ్ హ్యాండ్ డిస్కులు 'హెల్త్ 100 శాతం' అని అమ్మేవాళ్లలో కొందరు చేసేది ఈ పనే. తుడిచేసి సి5ని సున్నాకి తెచ్చి అమ్ముతారు. కొనేటప్పుడు 05నీ, 09లో ఎన్ని గంటలు తిరిగిందో దాన్నీ కూడా చూడండి.

కొత్తగా ఏం కొనాలని మీరు అడగలేదు గానీ ఎలాగూ అడుగుతారు. విండోస్‌కి చిన్న ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లో రాసే డిస్క్), ఫొటోలకి రెండు హార్డ్ డిస్కులు. ఒకటి సిస్టమ్‌లో, ఒకటి విప్పి ఇంటి దగ్గర. రెండూ స్టూడియోలోనే ఉంటే పిడుగుకో నీళ్లకో కలిసే పోతాయి. రెండు చోట్ల కాపీ పడేదాకా కెమెరా కార్డు ఫార్మాట్ చేయకండి. డిస్కులన్నిటికీ ఆషాఢంలో, ముహూర్తాలు లేని రోజుల్లో, ఒకసారి స్మార్ట్ చూసి ఆ అయిదు అంకెలూ డైరీలో రాసి పెట్టుకోండి. అప్పుడే పెరిగిందో లేదో తెలుస్తుంది. ఫొటోలు కూడా ఎస్‌ఎస్‌డీలోనే పెట్టేస్తే గొడవ ఉండదు కదా అనేవాళ్లకి నా జవాబు: అది టిక్‌మనదు, నెమ్మదించదు, ఒక పొద్దున బయోస్‌లోనే కనిపించదు. దాని స్మార్ట్‌లో 'పర్సెంటేజ్ యూజ్డ్' (ఎంత అరిగింది), 'అవైలబుల్ స్పేర్' (స్పేర్ ఎంత మిగిలింది) చూసుకుంటూ ఉండొచ్చు, కొన్ని రాయనివ్వకుండా చదవనిచ్చే స్థితికి పోయి హెచ్చరిస్తాయి కూడా. కానీ దాన్ని నడిపే చిప్పు, కంట్రోలర్, పోయినప్పుడు అంత మర్యాద ఉండదు.

పాత డిస్క్‌కి వారంటీ ఇంకా ఉందేమో దాని మీది సీరియల్ నంబరుతో కంపెనీ సైట్‌లో చూడండి. సాధారణంగా రెండు మూడేళ్లే ఉంటుంది, నాలుగేళ్లన్నారు కాబట్టి ఆశ తక్కువ. ఉన్నా వాళ్లిచ్చేది డిస్కే గానీ డేటా కాదు. వారంటీ లేకపోతే దాన్ని పాత సామాన్లవాడికి అలాగే వేయకండి. అందులో ఎవరెవరి ఇళ్ల ఆడపిల్లల ఫొటోలో ఉంటాయి. డ్రిల్లింగ్ మెషీన్‌తో పళ్లేల గుండా రెండు మూడు రంధ్రాలు వేయించి అప్పుడివ్వండి. అద్దపు పళ్లేలు ఉండేవి కూడా ఉన్నాయి, ముఖ్యంగా చిన్న డిస్కుల్లో, ముక్కలు ఎగురుతాయి. కళ్లకి అద్దాలు పెట్టుకోమనండి.